ఎనిమిది కాగితాల ఓటీ లిస్టు ఒక్క కాగితంలోకి

ఎపిసోడ్‌లో మాట్లాడిందే ఇక్కడ రాసి పెడుతున్నా. ఫార్ములాలు చెవితో విని రాసుకోవడం కష్టం కాబట్టి ఆ ముక్కలు మాత్రం కాస్త నెమ్మదిగా, విడమర్చి రాశాను.

ఈసారి విషయం వినగానే కొందరు నవ్వుతారు. ఎక్సెల్‌లో పొడుగ్గా ఉండే లిస్టును ప్రింట్ తీసేటప్పుడు కాగితం ఎలా మిగుల్చుకోవాలి అని. "దీనికి ఒక ఎపిసోడా అన్నా?" అని మా రూమ్‌లోనే అన్నారు. మనలో టైమ్‌కీపర్లు, స్టోర్‌కీపర్లు, క్యాంపు బాసులు, ఫోర్‌మన్ దగ్గర హాజరు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు నవ్వు రాదులెండి. ఈ పనిలో నేను చేసిన ఒక పొరపాటు వల్ల ఒక తమ్ముడి నెల ఓటీ మొత్తం పోయింది. అది కూడా చెప్తాను.

నేను దుబాయ్‌లో, సోనాపూర్ వైపు ఒక క్యాంపులో టైమ్‌కీపర్‌ని. కంపెనీ పేరు వద్దు. అప్పుడు మా క్యాంపులో 380 మంది. నెలాఖరున అందరి ఓటీ గంటలు లిస్టు తీసి బోర్డు మీద అంటించాలి. ఒక కాపీ క్యాంపు బోర్డుకి, ఒకటి సైట్ బోర్డుకి, ఇంకోటి ఇంజినీరు సంతకంతో హెడ్డాఫీసుకి.

నా షీట్ ఎలా ఉంటుందంటే, ఎ కాలమ్‌లో ఐడీ నంబరు, బి కాలమ్‌లో పేరు, అక్కడి నుంచి అడ్డంగా ఒకటో తారీఖు నుంచి 31 దాకా 31 కాలమ్‌లు. ఆ తర్వాత ఎహెచ్ కాలమ్‌లో నెల మొత్తం ఓటీ. హెడింగ్ ఒక వరుస, మనుషులు 380 వరుసలు. అంటే షీట్ 381వ వరుస దాకా వెళ్తుంది.

తారీఖుల కాలమ్‌లు దాచేసి, నంబరు, పేరు, ఓటీ మాత్రం ప్రింట్ కొడితే ఏమవుతుంది? ఎ4 కాగితం నిలువుగా పెట్టి, మామూలు మార్జిన్లతో తీస్తే పేజీకి 48 వరుసలు పడతాయి. 381 వరుసలకి ఎనిమిది పేజీలు. ప్రతి పేజీలోనూ ఎడమ పక్క సన్నగా ఒక గీతలా లిస్టు, కుడి పక్కంతా తెల్ల కాగితం. మూడు కాపీలంటే 24 కాగితాలు. మా క్యాంపు ఆఫీసుకు నెలకు ఒక రీము, 500 కాగితాలు ఇచ్చేవాళ్లు. లీవు ఫారాలు, గేటు పాసులు, స్టోర్ స్లిప్పులు, రూమ్ లిస్టులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇరవయ్యో తారీఖు దాటితే పాత కాగితాల వెనక్కి తిప్పి ప్రింట్ కొట్టే రోజులు చాలానే చూశాను.

కాగితం సంగతి ఒకటైతే బోర్డు సంగతి ఇంకొకటి. ఎనిమిది కాగితాలు వరసగా అంటిస్తే, డ్యూటీ నుంచి వచ్చిన బస్సులోని జనమంతా ఒక్కసారే గుమిగూడతారు. చివరి కాగితాలు గాలికో, చేతులకో చిరిగిపోతాయి. ఏడో కాగితం ఊడిపోయిందంటే అందులో ఉన్న 48 మందీ నా రూమ్ తలుపు కొడతారు. రెండు వైపులా ప్రింట్ తీయమని ఒక సారు సలహా ఇచ్చాడు. గోడకు అంటించిన కాగితం వెనక వైపు ఎవడు చదువుతాడండీ?

ఇంకో సలహా, స్కేలింగ్‌లోకి వెళ్లి 'ఫిట్ షీట్ ఆన్ వన్ పేజ్' నొక్కమని. నొక్కాను. 381 వరుసలు ఒక పేజీలో పట్టాలంటే అది సుమారు 12 శాతానికి కుదించేస్తుంది. చీమల బారు వచ్చింది. ఆ బటన్ అడ్డంగా రెండు మూడు కాలమ్‌లు బయటికి పోతున్నప్పుడు పనికొస్తుంది. అప్పుడు కూడా 'ఫిట్ ఆల్ కాలమ్స్ ఆన్ వన్ పేజ్' వాడండి, షీట్ మొత్తాన్ని కుదించకండి. నిలువు పొడుగుకి మాత్రం అది మందు కాదు.

పొడుగు లిస్టుకి చేయాల్సింది మడత పెట్టడం. న్యూస్ పేపర్‌లో వార్త ఎలా ఉంటుంది? ఒక కాలమ్ కిందిదాకా వచ్చి, మళ్లీ పక్క కాలమ్‌లో పైనుంచి మొదలవుతుంది. అలాగే 48 మంది ఒక కాలమ్, పక్కన మళ్లీ 48 మంది. కాకపోతే ఎక్సెల్‌కి ఇలా తనంతట తాను మడత పెట్టే బటన్ లేదు. వర్డ్‌లో ఉంది, ఎక్సెల్‌లో లేదు. అందుకే మనవాళ్లంతా చేత్తో కాపీ, పేస్ట్ చేస్తారు. నేనూ అదే చేశాను.

ఆరేళ్ల కిందటి మాట. కొత్త షీట్ తెరిచాను. పేరు తీసేశాను. నంబరు ఉంటే చాలు, ఎవరి నంబరు వాళ్లకు నోటికి వస్తుంది. పైగా పక్కవాడి ఓటీ ఎంతో అందరికీ తెలియాల్సిన పని లేదు. నంబరు, ఓటీ, మధ్యలో కొంచెం ఖాళీ, మళ్లీ నంబరు, ఓటీ. అలా పేజీకి నాలుగు జతలు, రెండు పేజీల్లో ఎనిమిది జతలు. ముందు నంబర్లన్నీ ఎనిమిది ముక్కలుగా కాపీ చేసి పెట్టుకున్నాను. ఎ కాలమ్ ఈ చివర, ఎహెచ్ కాలమ్ ఆ చివర ఉంది కాబట్టి రెండూ ఒకేసారి పట్టుకోవడం కుదరలేదు. నంబర్లు అయిపోయాక, ఓటీ గంటలు ఎనిమిది ముక్కలుగా తెచ్చి వాటి పక్కన పెట్టాను.

ఆ రెండో విడతలో, మూడో ముక్క దగ్గర మౌస్ ఒక్క వరుస కిందికి జారింది. నంబర్లు 98వ వరుస నుంచి ఉన్నాయి, గంటలు 99 నుంచి వచ్చాయి. ఎక్కడ ఆపానో అక్కడి నుంచే తర్వాతి ముక్క తీసుకుంటూ పోయాను కాబట్టి, ఒకసారి జారింది చివరిదాకా జారుతూనే ఉంది.

నేను చెక్ చేయలేదా అంటే, చేశాను. మొత్తం కూడాను. పాత షీట్‌లో మొత్తం ఓటీ, కొత్త షీట్‌లో మొత్తం ఓటీ, రెండూ ఒక్క గంట తేడా లేకుండా సరిపోయాయి. ఎందుకు సరిపోయాయంటే, 98వ వరుసలో ఉన్న మనిషి ఆ నెలంతా లీవులో ఊళ్లో ఉన్నాడు. అతని ఓటీ సున్నా. నేను వదిలేసిన ఆ ఒక్క గడిలో ఉన్నది సున్నా కాబట్టి కూడికలో తేడా రాలేదు. చివరి గడి ఖాళీగా మిగిలింది, అది కూడా చూశాను. కానీ లిస్టు చివర ఉండేది క్యాంపు బాయ్స్, వాళ్లకు ఓటీ ఉండదు. ఖాళీగా ఉంటే సున్నాయే కదా అనుకున్నాను. కూడిక సరిపోయిందన్న ధైర్యంతో సంతకానికి పంపాను.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. మా లిస్టు ఫోర్‌మన్‌ల వారీగా ఉంటుంది. ఒకే గ్యాంగులో పనిచేసిన వాళ్లందరికీ దాదాపు ఒకే ఓటీ ఉంటుంది. ఇరవై మంది మేస్త్రీలకు వరసగా 46, 46, 46 అని ఉన్నప్పుడు ఒక వరుస జారినా తేడా తెలియదు. తేడా కనిపించేది గ్యాంగు మారే చోట, లేదా మధ్యలో ఎవరైనా లీవులో ఉన్న చోట. అంత పెద్ద జారుడుకి నిజంగా లెక్క తప్పింది 11 మందికే. అందుకే బోర్డు దగ్గర పెద్ద గొడవ కాలేదు. తప్పులో ఉన్న ఆ తమ్ముడు ఆ వారం వేరే సైట్‌లో ఉన్నాడు, లిస్టు చూడలేదు.

హెడ్డాఫీసుకు ఫైలు వెళ్లేది కాదు, సంతకం పెట్టిన కాగితం వెళ్లేది. అక్కడ అకౌంట్స్‌లో దాన్ని చూసి టైప్ చేసుకునేవాళ్లు. జీతాలు బ్యాంకులోకి పడిపోయాయి. యూఏఈలో 2009లో మొదలైన డబ్ల్యూపీఎస్ పద్ధతిలో వేతనాలు బ్యాంకు దారిలో పోతాయని మీకు తెలుసు. ఒకసారి ఫైలు వెళ్లిపోతే, పొరపాటు అయిందంటే తర్వాతి నెల సర్దుబాటే.

జీతం పడ్డ రోజు రాత్రి ఆ తమ్ముడు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, స్టీల్ ఫిక్సర్. చేతిలో చిన్న డైరీ. "అన్నా, నా ఓటీ ఏడబోయింది? రోజూ రాసుకున్న. 46 గంటలైంది. ఒక్క పైసా రాలే."

నేను ముందు నమ్మలేదు. బోర్డు మీద లిస్టు చూశాం. అతని నంబరు పక్కన సున్నా. ఎందుకంటే అతని కింది వరుసలో ఉన్నవాడు లీవులో ఉన్నాడు. ఆ లీవులో ఉన్నవాడి పక్కన, వాడి కింద ఉన్నవాడి 46 వచ్చి కూర్చుంది.

డబ్బు ఎంతంటే, అతని బేసిక్ వెయ్యి దిర్హమ్‌లు. 30 రోజులు, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 4 దిర్హమ్‌ల 17 ఫిల్స్. యూఏఈ చట్టం ప్రకారం మామూలు ఓటీకి బేసిక్ గంట రేటు మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య అయితే 50 శాతం. ఇతనిది పగటి ఓటీ. గంటకు 5 దిర్హమ్‌ల 21 ఫిల్స్, 46 గంటలకు దాదాపు 240 దిర్హమ్‌లు. ఇప్పటి రేటులో మన రూపాయల్లో అయిదు వేలకు పైన. ఆ డబ్బు చెల్లెలి కాలేజీ ఫీజుకి అని పక్కన పెట్టుకున్నాడట.

అతను కోపంగా ఏమీ అనలేదు. అన్నది వేరేవాళ్లు. ఎందుకంటే ఆ 98వ వరుస మనిషి, లీవులో ఉండి కూడా పక్కవాడి గంటలు తన పేరు మీద పడ్డవాడు, మా ఊరివాడు. "టైమ్‌కీపరన్న ఊరోనికి ఇంటికాడ పండుకున్నా ఓటీ వస్తది" అని మెస్‌లో మాట పుట్టింది. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో వరుస వెతికితే, తెల్లవారుజామున మూడింటికి ఆ జారిన గడి దొరికింది. పొద్దున్నే రెండు షీట్లూ, ఆ తమ్ముడి డైరీ పట్టుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్లి నా తప్పేనని రాసిచ్చాను. ఆరుగురికి తగ్గింది, అయిదుగురికి పెరిగింది. తర్వాతి నెల సర్దారు. పెరిగిన అయిదుగురి దగ్గర కోత పడ్డప్పుడు వాళ్ల మాటలూ పడ్డాను. వాళ్ల తప్పు మాత్రం ఏముంది, వచ్చిన డబ్బు ఇంటికి పంపేశారు.

ఆ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. నంబరుకీ గంటలకీ ముందు ముడి వేస్తాను, ఆ తర్వాతే మడత పెడతాను. రెండూ విడివిడిగా ఎప్పుడూ కదపను. అసలు షీట్‌ను కోయను, పొడుగ్గా ఉంటే ఉండనీ. దాని మీద సార్ట్, ఫిల్టర్, కూడిక అన్నీ సరిగ్గా పని చేసేది అది పొడుగ్గా ఉన్నప్పుడే. ముక్కలు చేసిన షీట్‌లో సార్ట్ కొడితే ఒక ముక్కే సార్ట్ అవుతుంది, అది ఇంకో ప్రమాదం. ప్రింట్ కోసం వేరే షీట్, అంతే.

ముడి ఎలా వేయాలంటే, ఎహెచ్ పక్కన ఖాళీ కాలమ్ తీసుకోండి. నా షీట్‌లో దాని పేరు ఏఐ అని పడింది, మీరనుకునే ఆ ఏఐ కాదు. అందులో రెండో వరుసలో ఇలా రాయాలి, అక్షరాలు ఇంగ్లీషులో: ఈక్వల్ టు, ఎ2, తర్వాత కీబోర్డులో 7 మీద షిఫ్ట్‌తో వచ్చే 'అండ్' గుర్తు, డబుల్ కోట్స్ మధ్యలో చిన్న గీత, మళ్లీ 'అండ్' గుర్తు, ఎహెచ్2. గీతకు అటూ ఇటూ ఒక స్పేస్ ఇస్తే చదవడానికి బాగుంటుంది. ఎంటర్ కొడితే 1043 - 46 అని ఒకే గడిలో వస్తుంది. దాన్ని పట్టుకుని 381 దాకా కిందికి లాగండి. ఇప్పుడు నంబరూ గంటలూ ఒకే గడిలో ఉన్నాయి. ఆ గడి ఎక్కడికి పోయినా రెండూ కలిసే పోతాయి.

తర్వాత మడత. మీ దగ్గర మైక్రోసాఫ్ట్ 365 గానీ, ఎక్సెల్ 2024 గానీ, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో గూగుల్ షీట్స్ గానీ ఉంటే పని ఒక్క లైనులో అయిపోతుంది. ర్యాప్‌కాల్స్ అనే ఫంక్షన్ ఉంది. డబ్ల్యు, ఆర్, ఎ, పి, సి, ఓ, ఎల్, ఎస్. ప్రింట్ కోసం అనుకున్న ఖాళీ షీట్‌లో ఈక్వల్ టు, ర్యాప్‌కాల్స్, బ్రాకెట్ తెరిచి, అసలు షీట్‌లోకి వెళ్లి ఏఐ2 నుంచి ఏఐ381 దాకా సెలెక్ట్ చేసి, కామా, 48, కామా, మధ్యలో ఏమీ లేకుండా రెండు డబుల్ కోట్స్ గుర్తులు, బ్రాకెట్ మూసి ఎంటర్. ఎనిమిది కాలమ్‌లు, 48 వరుసలుగా దానంతట అదే పరుచుకుంటుంది. ఆ చివరి కోట్స్ ఎందుకంటే, ఎనిమిదో కాలమ్‌లో 44 మందే ఉంటారు, మిగిలిన నాలుగు గడుల్లో ఎర్రర్ రాకుండా ఖాళీగా ఉంచడానికి. ర్యాప్‌రోస్ అని ఇంకోటి ఉంది, అది అడ్డంగా నింపుతుంది. మనవాళ్లు నంబరు వెతికేది పైనుంచి కిందికి కాబట్టి అది వద్దు.

పాత ఎక్సెల్, 2016, 2019 లాంటివి ఉన్నవాళ్లకు ఈ ఫంక్షన్ ఉండదు. మా క్యాంపు కంప్యూటర్‌లోనూ లేదు. దానికి నేను చేసేది ఇది. ప్రింట్ షీట్‌లో హెడింగ్ కింద మొదటి గడిలో ఈక్వల్ టు కొట్టి, అసలు షీట్‌లో ఏఐ2 మీద క్లిక్ చేసి ఎంటర్. దాన్ని 48 వరుసలు కిందికి లాగండి. పక్క కాలమ్‌లో అలాగే ఏఐ50 నుంచి. ఆ పక్కన ఏఐ98, తర్వాత 146, 194, 242, 290, చివరిది 338. ఒక్కసారి కూర్చుని చేసుకుంటే ప్రతి నెలా కొత్త గంటలు వాటంతటవే వస్తాయి, మళ్లీ కాపీ, పేస్ట్ ఉండదు.

దీనిలో ఒక గుంట ఉంది. కొత్తగా చేరిన మనిషిని అసలు షీట్ మధ్యలో వరుస ఇన్సర్ట్ చేసి పెట్టారనుకోండి, ఈ లింకులు పాత గడుల వెంట జరిగిపోతాయి. కొత్తవాడి గడికి లింకు ఉండదు, అతను ప్రింట్‌లో కనిపించడు. అందుకని కొత్తవాళ్లను ఎప్పుడూ లిస్టు చివర చేర్చి, ఏఐ కాలమ్ ఫార్ములాను, ప్రింట్ షీట్‌లో లింకును అక్కడిదాకా లాగి, ఆ తర్వాత అసలు షీట్‌ను సార్ట్ చేసుకోండి. క్యాన్సిల్ అయి వెళ్లిపోయినవాడి వరుస డిలీట్ చేస్తే ప్రింట్‌లో ఆ చోట రెఫ్ అని ఎర్రర్ కనిపిస్తుంది. అది మంచిదే, కనీసం కంటికి కనిపిస్తుంది.

ఫార్ములాలంటేనే భయం ఉన్నవాళ్లు వర్డ్ వాడండి, సిగ్గేం లేదు. నంబరు, ఓటీ రెండు కాలమ్‌లూ పక్కపక్కన ఉండేలా చూసుకుని, కలిపి ఒకేసారి కాపీ చేసి, వర్డ్‌లో పేస్ట్ చేసి, లేఅవుట్‌లో కాలమ్స్ అని ఉంటుంది, అందులో మూడు ఎంచుకోండి. ఇంకా ఎక్కువ కావాలంటే మోర్ కాలమ్స్. టేబుల్ వెడల్పు ముందే తగ్గించుకోవాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఇక్కడ వరుస మొత్తం కలిసి కదులుతుంది కాబట్టి నాకు జరిగినట్టు జారదు. ప్రతి నెలా మళ్లీ చేయాలి, అదొక్కటే ఇబ్బంది.

ఇక ప్రింట్. పేజ్ లేఅవుట్‌లో సైజు ఎ4 ఉందో లేదో చూడండి, కొన్ని కంప్యూటర్లలో లెటర్ అని ఉండిపోతుంది. కాగితం నిలువుగానే. పక్క మార్జిన్లు పావు అంగుళం, పైన, కింద అర అంగుళం. హెడింగ్‌తో కలిపి 49 వరుసలు అందులో పడతాయి, ఎనిమిది కాలమ్‌లూ ఒక్కోటి అంగుళం లోపే కాబట్టి అడ్డంగానూ సరిపోతాయి. అక్షరం 11 సైజు తగ్గించకండి. మా క్యాంపులో యాభై దాటినవాళ్లున్నారు, బోర్డు దగ్గర లైటు కూడా అంతంత మాత్రం. గడులకు గీతలు ఉంచండి. ప్రింట్ కొట్టే ముందు ప్రివ్యూలో పేజీలు ఎన్ని అన్నది చూడండి. ఒకటికి బదులు రెండు అని ఉంటే, ఎక్కడో ఒక కాలమ్ బయటికి పోతోందని అర్థం.

ఇప్పుడు 380 మందికీ ఒకే కాగితం. మూడు కాపీలకు మూడు కాగితాలు. ఇదే పద్ధతి స్టోర్‌లో సామాన్ల లిస్టుకీ, రూమ్ నంబర్ల లిస్టుకీ, బస్సు లిస్టుకీ వాడుతున్నాను. బయట టైపింగ్ సెంటర్‌లో ప్రింట్ తీసుకునేవాళ్లకు ఇంకా లాభం. నేను వెళ్లే చోట పేజీకి ఒక దిర్హమ్. సొంతంగా గంటలు రాసుకుని కంప్లెయింట్‌కో, లెక్కకో ప్రింట్ తీసుకునేవాళ్లు ఏడాది లెక్కను రెండు మూడు పేజీల్లో పట్టించుకోవచ్చు.

చెకింగ్ మాత్రం కూడికతో ఆపకండి. కూడిక నన్ను ఎలా మోసం చేసిందో చెప్పాను కదా. ప్రతి కాలమ్‌లో మొదటి మనిషిని, చివరి మనిషిని అసలు షీట్‌లో వెతికి గంటలు కలుస్తున్నాయో లేదో చూడండి. ఎనిమిది కాలమ్‌లకు పదహారు గడులు. అయిదు నిమిషాల పని. వాటితో పాటు ఆ నెల లీవులో ఉన్న ఇద్దరు ముగ్గురిని చూడండి. వాళ్ల పక్కన సున్నా కాక ఇంకేదైనా ఉంటే ఏదో జారిందన్నమాట.

ఆ జగిత్యాల తమ్ముడు ఇప్పటికీ మా క్యాంపులోనే ఉన్నాడు. లిస్టు తీసే రోజు డైరీ పట్టుకుని నా ఆఫీసుకు వస్తాడు. ప్రింట్ అతని చేతికిస్తాను. ఆ పదహారు గడుల మీద వేలు పెట్టి అతను చదువుతాడు, నేను స్క్రీన్ మీద చూస్తూ అవును, అవును అంటాను. ఆఖర్న అతని నంబరు. డైరీలో ఉన్నదీ లిస్టులో ఉన్నదీ కలిశాక, "అంటించు అన్నా" అంటాడు. అప్పుడే బోర్డు దగ్గరికి వెళ్తాను.

ఉంటాను మరి. మీ షీట్‌లో ఎక్కడైనా ఇరుక్కుంటే రాయండి, ఎక్సెల్ ఏ వెర్షనో కూడా రాయండి.